నలభై మూడో రేకు

నది ఊళ్ళోకి వచ్చిన మూడో ఏట జరిగిందిది. ఫ్లోరెన్సులో ఏళ్ళు అలాగే లెక్కపెడతారు, నదికి ముందు, నదికి తర్వాత అని. నదికి ముందు ఎజిస్తోకి దుకాణం ఉండేది. తర్వాత లేదు.

సాంతా క్రోచె చర్చి వెనక సందులో, పగిలిన పింగాణీ పళ్ళాలు అతికే దుకాణం. ముప్పై ఆరేళ్ళు అదే పని చేశాడు. నీళ్ళొచ్చిన రోజు బురదా, ఇళ్ళు వెచ్చబెట్టే పొయ్యిల నూనే కలిసి పైకప్పు దాకా లేచాయి. బాగుచెయ్యమని జనం ఇచ్చిపోయిన పళ్ళాలు రెండు వందల చిల్లర లోపలే ఉండిపోయాయి. నాలుగు రోజుల తర్వాత తలుపు పగలగొట్టి చూస్తే అతికినవీ అతకనివీ ఒకటే ముద్ద. పారతో ఎత్తి వీధిలో పోశాడు. ఆ బురద చిమ్మి పడే ఎడమ కంటికి పొర కమ్మిందని అతని నమ్మకం. ఆ సంగతి భార్య జెలిందాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అసలు చెప్పే మనిషి కాదు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో పండగే అనేది జెలిందా.

ఊరి బయట కొండ మీద, ఆలివ్ తోటల నడుమ, ఎవరో జమీందారు చనిపోతూ చదువు కోసం రాసిచ్చిన పాత మేడ ఉంది. అందులో కొందరు కూర్చుని నక్షత్రాల లెక్కలు కట్టేవాళ్ళు. సన్నకుంచె పట్టి వణక్కుండా పనిచేసే చెయ్యి కావాలని వాళ్ళు అడిగితే, చేతిపనివాళ్ళ సంఘం ఎజిస్తో పేరు చెప్పింది. బడి మూడేళ్ళే చదివాడు. అయినా అంకెలు బాగానే వచ్చు. తీసుకున్నారు.

పని చెప్పింది ఒర్నెల్లా. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఎంపోలిలో గాజు ఊదేవాడి కూతురు. మంగళవారం పొద్దున్నే చిల్లుల అట్టలున్న పెట్టె చంకన పెట్టుకుని పీసా రైలెక్కేది. అక్కడ ఆ అట్టలు చదివే పెద్ద లెక్కల యంత్రం ఉంది. శుక్రవారం మోకాలెత్తు కాగితాల కట్టతో తిరిగొచ్చేది. ఆరు వందల నక్షత్రాలని పళ్ళెంలా గుండ్రంగా పరిచి, ఒక్క తిప్పు తిప్పి వదిలితే, ఒకదాన్నొకటి లాక్కుంటూ చివరికి ఏమవుతాయి? అదీ ఆమె లెక్క. మెట్టు మెట్టుకీ ఏ నక్షత్రం ఎక్కడుందో యంత్రం అచ్చేసి ఇచ్చేది. ఒక్కోదానికి రెండు అంకెలు, అడ్డానికెంత, నిలువుకెంత.

ఎజిస్తో గళ్ళ కాగితం మీద సెల్యులాయిడ్ రేకు పరిచి, ఆ అంకెల ప్రకారం నల్లసిరా చుక్క పెట్టాలి. రేకుకి ఆరు వందల చుక్కలు, రోజుకి రెండు రేకులు, మొత్తం నూట ఇరవై రేకులు. అన్నిటినీ వరసగా ఫొటో తీసి ఆడిస్తే సినిమా అవుతుంది.

"ఎంతసేపుంటుంది సినిమా?" అన్నాడు మొదటిరోజు.

"అర నిమిషం."

ఎజిస్తో కాగితాల కట్ట వైపు చూశాడు.

"ఆ అర నిమిషంలో వంద కోట్ల ఏళ్ళుంటాయి, సోర్ ఎజిస్తో."

"అయితే చవకే" అని కలం తీశాడు.

ఒర్నెల్లా మధ్యాహ్నం పూట అతని బల్ల దగ్గర కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న చెస్ట్‌నట్ పిండి రొట్టె సగం తుంచి ఇచ్చేది. మాటలన్నీ తనవే. "మా నాన్న గాజు ఊదేటప్పుడు చూడాలి మీరు. గొట్టం చివర ముద్ద తిరుగుతున్నంతసేపే నిలుస్తుంది. చెయ్యి ఆగిందా, సాగి కిందికి జారుతుంది. ఇదీ అంతే. నక్షత్రాల పళ్ళెమైనా, కొత్త సూర్యుడు పుట్టే దుమ్ము పళ్ళెమైనా, తిరుగుడే దాన్ని నిలబెడుతుంది. ఎంతసేపు నిలబెడుతుందన్నదే నేను అడుగుతున్నది."

ఎజిస్తో తల ఊపేవాడు. వినడం అతనికిష్టం. పిల్లలు లేని ఇంట్లో అంత మాట ఎప్పుడూ వినలేదు.

గుమ్మం దగ్గర కాపలా ఉండే నెల్లో రోజూ ఏడిపించేవాడు. "ఏం సోర్ ఎజిస్తో, ఇవాళెన్ని పుట్టించావ్? దేవుడు ఆరు రోజుల్లో ముగించేశాడు. నువ్వు శీతాకాలమంతా లాగేట్టున్నావ్."

"ఆయనకి గళ్ళ కాగితం లేదు" అనేవాడు ఎజిస్తో, టోపీ తగిలిస్తూ.

మేడకి పెద్ద ప్రొఫెసర్ బార్దూచ్చి. వయసులో ఉన్నప్పుడు ఆయన రాసిన లావుపాటి పుస్తకం ఒకటుంది. తిరిగే పళ్ళెం గుండ్రంగానే ఉంటుందనీ, మహా అయితే అంచున సన్నటి అలలు లేస్తాయనీ అందులో ఉంది. యంత్రం అంటే ఆయనకి గిట్టదు. "అంకెలు ఎవరికి కావలసింది వాళ్ళకి చెప్తాయి, సిన్యొరీనా. నాకు కళ్ళకి చూపించండి" అన్నాడు ఒర్నెల్లాతో. సినిమా తియ్యాలన్నది అందుకే. ఆ వసంతకాలంలో మేడలో ఒక్క ఉద్యోగం ఖాళీ అవుతోంది. అది ఎవరికివ్వాలో తేల్చే సంఘం మార్చిలో కూర్చుంటుంది. అది దక్కాలంటే ఒర్నెల్లా చెయ్యాల్సిందల్లా తన లెక్క సరైనదని ఆ అర నిమిషంతో చూపించడమే.

నలభై రెండు రేకులు బాగానే సాగాయి.

నలభై మూడో రేకు పెట్టి, సిరా ఆరాక, ఎజిస్తో వెనక్కి జరిగి చూసుకున్నాడు. పళ్ళెం వంకరపోయింది. ఒక వైపు పొడుగ్గా సాగి, అడ్డంగా నొక్కుకుపోయి, నడుమ కదురులా ఉంది. బట్టీలో సరిగ్గా కాలని పళ్ళెం అలాగే వంకరపోతుంది.

కాగితం మళ్ళీ చూడలేదు. అతనికి తట్టిన మొదటి మాట కన్ను. పొర ముదిరింది, గళ్ళు సరిగ్గా కనపడ్డం లేదు, కొలబద్ద జారింది. ఎవరికైనా తెలిస్తే ఈ పని కూడా పోతుంది. అరవైకి చేరువైనవాణ్ణి, ఒంటికన్నువాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

చిన్నప్పుడు పని నేర్పిన గురువు కొర్సీనో ఒకటే చెప్పేవాడు. పళ్ళెంలో ముక్క పోయిందనుకో, మిగతా అంచు చూడు. గుండ్రం ఎటు పోతోందో అదే చెప్తుంది. అటే పోనియ్యి. అతికిన చెయ్యి కనపడకూడదు.

తడిగుడ్డతో కొన్ని చుక్కలు తుడిచాడు. సాగిన చోట అర గడి లోపలికి, నొక్కుకుపోయిన చోట అర గడి బయటికి పెట్టాడు. వెనక్కి జరిగి చూస్తే గుండ్రంగా ఉంది. 

నలభై నాలుగోదీ వంకరే. దాన్నీ దిద్దాడు. ముందుకుపోయేకొద్దీ ఎక్కువ దిద్దాల్సొచ్చింది. కన్ను రోజురోజుకీ దిగజారుతోందనుకున్నాడు. ఒక్క మాట ఒర్నెల్లాని అడిగుంటే అయిపోయేది. పక్కనే కూర్చుని రొట్టె తుంచేది కదా. అడగలేదు.

ఫిబ్రవరి చివర్లో కిటికీలకి దుప్పట్లు కట్టి సినిమా ఆడించారు. గోడ మీద ఆరు వందల చుక్కలు తిరిగాయి. కాస్త మసకేసి, అంచున అలలు లేచి, అణిగి, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. నిజంగా అందంగా ఉంది.

"గుండ్రం!" అన్నాడు ప్రొఫెసర్ చేతులు చరిచి. "ముప్పై ఏళ్ళ కిందట కాగితం మీద చెప్పాను. ఇదిగో చూడండి!"

"మళ్ళీ వెయ్యండి" అంది ఒర్నెల్లా. మళ్ళీ వేశారు. "ఇంకోసారి" అంది. మూడోసారి అయ్యాక లేచి బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కాకముందే ఎజిస్తో బల్ల దగ్గరికొచ్చింది. కూర్చోలేదు.

"సోర్ ఎజిస్తో, ఒక్క మాట. కాగితంలో ఉన్నట్టే పెట్టారా?"

"పెట్టాను."

"అన్ని రేకుల్లోనూ?"

"పెట్టాను."

ఆమె బీరువా తెరిచి, చేతికందిన ముప్పయ్యో రేకు తీసి, బద్ద పెట్టి పాతిక చుక్కలు కొలిచింది. ఒక్కటీ తప్పలేదు. ఎజిస్తో ఆమె వేళ్ళే చూస్తూ కూర్చున్నాడు. ఇంకో పదమూడు రేకులు ముందుకి పోతే చాలు. పోలేదు. రేకు మళ్ళీ జాగ్రత్తగా దాని చోట పెట్టింది.

"మీ చేతిని అనుమానించినందుకు ఏమీ అనుకోకండి. పళ్ళెం ఎంత సాగిందో చెప్పే అంకె ఒకటుంది నా లెక్కలో. అది పెరుగుతూ పోతోంది. సినిమాలో మాత్రం సాగలేదు. మీ చెయ్యి తప్పదు కాబట్టి తప్పు ఆ అంకెలోనే ఉండాలి. నాదే."

ఆ మాట అతని చెవిలో ఉండిపోయింది. అంకె పెరుగుతోందట. పళ్ళెం సాగాలట. అంటే ఆ రోజు తను చూసిన వంకర, కాగితంలోనే ఉందా?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీది గుడ్డ తీసేశాడు. మేడనుంచి తెచ్చుకున్న నలభై మూడో కాగితం, గళ్ళ కాగితం, ఒక ఖాళీ రేకు పరిచాడు. భూతద్దం పెట్టుకున్నాడు. జెలిందాని అంకెలు చదవమన్నాడు.

"ఆదివారం కూడానా? ముప్పై ఆరేళ్ళు ఊళ్ళో పళ్ళాలన్నీ అతికావు. ఇప్పుడు ఆకాశాన్ని కూడా నువ్వే అతకాలా?"

"చదువు."

చదివింది. నడుమ రెండుసార్లు లేచి చిక్కుళ్ళ కుండ చూసొచ్చింది. ఎడమ కన్ను మూసి సగం చుక్కలు పెట్టాడు, కుడి కన్ను మూసి సగం పెట్టాడు. చర్చి గంటలు కొట్టే వేళకి అయింది. జెలిందా వంగి చూసింది.

"ఇదేం పళ్ళెమయ్యా? చేపలా ఉంది."

ఎజిస్తో భూతద్దం తీసేశాడు. తప్పు కంటిది కాదు. కాగితం ముందునుంచీ అదే చెప్పింది. తను విననే లేదు.

ఆమెకి విషయం అంతా చెప్పాడు. అందుకు పది మాటలు సరిపోలేదు.

"అయితే రేపు చెప్పెయ్. ఆ పిల్ల బతుకు కదా."

"చెప్తా."

సోమవారం టోపీ చేత్తో పట్టుకుని పైమెట్లెక్కాడు. ప్రొఫెసర్ అతన్ని చూస్తూనే లేచొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మీ గురించే రాస్తున్నా, సోర్ ఎజిస్తో. ఇలాంటి చెయ్యి ఈ రోజుల్లో ఎక్కడుంది? ఇక రోజుకూలీ కాదు మీరు. ఖాయం చేయిస్తున్నా. పింఛను కూడా ఉంటుంది. ఇంతకీ మీరేదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

గోడ మీద పాత పటంలో నక్షత్రాలన్నీ బంగారు రంగులో ఉన్నాయి. ఎజిస్తో వాటినే చూశాడు.

"ఏం లేదు, ప్రొఫెసర్."

మంగళవారం ఒర్నెల్లా పీసాలో ఉంది. ఈసారి బుధవారమే వచ్చేసింది, గది తలుపేసుకుంది. ఎజిస్తో రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాడు. లోపల ఆమె అట్టలు ఒక్కొక్కటే తిరగేస్తున్న చప్పుడు వినపడింది. లేని తప్పు వెతుకుతోంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు, తలుపు తట్టలేదు.

గురువారం సంఘం కూర్చుంది. ఒర్నెల్లా తనే లేచి, లెక్కలో ఎక్కడో తప్పుంది, ఎక్కడో దొరకలేదు అని చెప్పిందట. అబద్ధమాడని పిల్ల. తప్పుల లెక్క కట్టే మనిషికి ఉద్యోగం ఎలా ఇస్తారు? ఇంకొకరికిచ్చారు.

ఒర్నెల్లా వెళ్ళే రోజు ఆకుపచ్చ గాజుగ్లాసు ఒకటి కాగితంలో చుట్టి అతని బల్ల మీద పెట్టింది. "మా నాన్న ఊదింది. మీరొక్కరే ఇక్కడ నా మాటలు విన్నారు" అంది. ఎంపోలిలో పిల్లల బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్ళిపోయింది.

ఆ గ్లాసుతో ఎజిస్తో ఎప్పుడూ తాగలేదు. జెలిందా బల్ల మీద పెడితే తీసి అలమరలో జాడీల వెనక పెట్టేవాడు. చేపలాంటి ఆ రేకు కూడా అక్కడే, గోడకి ఆనించి ఉంది. జెలిందా మొదట్లో రోజూ అడిగేది, "చెప్పావా?" అని. తర్వాత వారానికోసారి. వేసవి వచ్చేసరికి అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే కష్టంగా ఉంది అతనికి.

ద్రాక్ష కోతలైన వారం, నెల్లో గుమ్మంలోనే ఆపాడు. "పైన గాలి బాగాలేదు. తపాలాలో ఏదో పత్రిక వచ్చింది. అప్పట్నుంచీ ముసలాయన కాఫీ కూడా ముట్టలేదు."

ప్రొఫెసర్ అతన్ని పైకి పిలిపించాడు. బల్ల మీద పత్రిక తెరిచి ఉంది. పేజీలో నాలుగు బొమ్మలున్నాయి. మొదటిది గుండ్రంగా ఉంది. నాలుగోది, నడుమ కదురులా సాగి, రెండు కొసలనుంచీ రెండు చేతులు వంపు తిరిగి ఉంది. ఎజిస్తోకి ఆ భాష రాదు. అవసరం లేదు. అది తన అలమరలో జాడీల వెనక ఉంది.

"సముద్రం అవతలి వాళ్ళు చేశారు. లక్ష నక్షత్రాలట. చుక్కలు కూడా యంత్రమే పెట్టిందట, మనిషి చెయ్యే తగల్లేదట" అన్నాడు ప్రొఫెసర్. గొంతు నీరసంగా ఉంది. "మరి మనది గుండ్రంగా ఎందుకొచ్చింది? మీరేమంటారు, సోర్ ఎజిస్తో? వాళ్ళదే తప్పై ఉంటుంది, కదూ?"

ముసలాయన కళ్ళలో నిజంగానే ప్రశ్న ఉంది. ఆయనకి కూడా తెలియదు. తెలిసింది ఈ మేడలో ఒక్కడికే.

ఎజిస్తో కిందికొచ్చి టోపీ పెట్టుకున్నాడు. పని నడుమ వెళ్ళిపోవడం అదే మొదలు. స్టేషనుకి నడిచి ఎంపోలి రైలెక్కాడు.

బడి గేటు దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం విరామానికి పిల్లలు అరుస్తూ బయటపడ్డారు. వెనకే ఒర్నెల్లా వచ్చింది. చేతికి సుద్ద అంటి ఉంది. చిక్కింది.

"సోర్ ఎజిస్తో! మీరేంటిక్కడ? జెలిందా గారు బాగున్నారా?"

"బాగుంది." టోపీ తీశాడు. రైల్లో అనుకున్న మాటలు ఏవీ గుర్తు లేవు. "నలభై మూడో రేకునుంచి నేను మార్చాను."

ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"ఏం మార్చారు?"

"చుక్కలు. పళ్ళెం సాగింది. నా కన్ను పాడైందనుకున్నా. గుండ్రంగా దిద్దాను."

"ఎంత?"

"మొదట అర గడి. తర్వాత రెండు, మూడు."

"చివరి దాకా?"

"డెబ్భై ఎనిమిది రేకులు."

"నలభై ఆరు వేల ఎనిమిది వందల చుక్కలు" అంది ఆమె వెంటనే.

"అన్నీ కదపలేదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినలేక ఎజిస్తో నేల చూశాడు. ఒక పిల్లవాడి బంతి వచ్చి కాళ్ళకి తగిలింది. ఒర్నెల్లా వంగి తీసి విసిరేసింది.

"నేను అడిగాను కదా."

"అడిగారు."

"వంకర కాగితంలోనే ఉందని అప్పటికి మీకు తెలుసా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆమెకి కూడా తేలికవుతుందేమో అనిపించింది ఒక్క క్షణం.

"అప్పుడు తెలీదు. తర్వాతి ఆదివారం తెలిసింది."

"ఆదివారం." ఆమె వేళ్ళు మడిచింది. "సంఘం గురువారం కూర్చుంది."

"అవును."

"నాలుగు రోజులు."

"అవును."

ఆమె మడిచిన వేళ్ళు విప్పింది. పత్రిక సంగతి చెప్పాడు. లక్ష నక్షత్రాలని చెప్పాడు. ఆమె గేటు ఊచ పట్టుకుని వింది.

"సాగింది కదా" అంది మెల్లగా. "నా అంకె సరైనదే." తర్వాత, అతనితో కాకుండా, గేటుతో చెప్తున్నట్టు అంది. "ఆ అంకె పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకున్నాను. లెక్క ప్రకారం పళ్ళాలన్నీ సాగిపోవాలి. ఆకాశంలో చాలా పళ్ళాలు గుండ్రంగానే ఉన్నాయి. అయితే వాటిని సాగకుండా పట్టుకున్నదేంటి? చుట్టూ కంటికి కనపడని బరువేదైనా ఉందా? అది వెతకాలనుకున్నాను. జీవితమంతా సరిపోయే పని. సినిమా చూసొచ్చాక రబ్బరు పెట్టి చెరిపేశాను."

గంట కొట్టారు.

"నాకు మూడో తరగతి ఉంది" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఏ కన్ను?"

"ఎడమది."

"డాక్టరుకి చూపించుకోండి." లోపలికి వెళ్ళిపోయింది. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి జెలిందా రొట్టె ముక్కల చారు పొయ్యి మీద పెడుతోంది. అతని ముఖం చూసింది.

"చెప్పావా?"

"ఆమెకి."

"ఇంకా ఒకరున్నారు."

"రేపు."

ఆ 'రేపు' ఆమె ఇంతకుముందు కూడా వింది. గరిటె తిప్పింది.

మర్నాడు పొద్దున్న ఎజిస్తో అలమరలో జాడీలు జరిపి రేకు తీశాడు. పాత వార్తాపత్రికలో చుట్టాడు. ఆకుపచ్చ గ్లాసు తీసి, కడిగి, బల్ల మీద పెట్టాడు. అందులో మంచినీళ్ళు పోసుకుని తాగి బయల్దేరాడు.

"ఇవాళ తొందరగా వచ్చావే! సృష్టిలో ఏమన్నా మిగిలిపోయిందా?" అన్నాడు నెల్లో.

"ఒకటైంది, ఇంకా డెబ్భై ఏడు" అన్నాడు ఎజిస్తో.

బీరువాలోంచి పాత నలభై మూడో రేకు తీసుకుని పైకెళ్ళాడు. ప్రొఫెసర్ ఇంకా రాలేదు. ఆయన బల్ల మీద, తెరిచి ఉన్న పత్రిక పక్కన, రెండు రేకులూ పరిచాడు. గుండ్రంది ఒకటి, సాగింది ఒకటి. ముప్పై తొమ్మిదేళ్ళలో తను బాగుచేసిన ఏ వస్తువు మీదా పేరు రాసుకోలేదు. కలం తీసి, గుండ్రంగా ఉన్న రేకు మూలన, బడిలో నేర్చుకున్న పెద్ద అక్షరాలతో రాశాడు: దీన్ని దిద్దింది ఎజిస్తో. రెండోదాని మీద ఒర్నెల్లా పేరు రాశాడు. రెండు 'ల'లు రాయాలో ఒకటి చాలో తెలియక కాసేపు ఆగాడు. రెండూ రాశాడు.

కిందికొచ్చి కిటికీ తెరిచాడు. నలభై నాలుగో కాగితం తీసి, ఖాళీ రేకు పరిచి, మొదటి నక్షత్రానికి రెండు అంకెలూ పైకి చదువుకుని, అవి చెప్పిన చోట చుక్క పెట్టాడు.